గోడ అవతలి కాక, ఆగని ఐదు పాటలు

మా పక్క క్వార్టర్‌లో ఉండే కాక చనిపోయి రెండు వారాలైంది. నైట్ షిఫ్టు దిగి ఇంటికొచ్చి, చాయ్ తాగి, ఛాతీలో మంటగా ఉందన్నాడట. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది.

మా బ్యాండ్ తొలి రికార్డు మీలో కొందరు విన్నారు. ఐదు పాప్ పంక్ పాటలు, మొత్తం పదకొండు నిమిషాలు. గోదావరిఖనిలో మా ఇంటి ముందుగదిలోనే రికార్డు చేశాం. పాటకూ పాటకూ మధ్య ఒక్క క్షణం కూడా ఖాళీ ఉండదేమని అందరూ అడుగుతారు. అది మా తెలివి కాదు, కాకది.

కాకది బావిలో, అంటే బొగ్గు గనిలో, బొగ్గు టబ్బులను లాగే మోటారు దగ్గర పని. రాత్రంతా పనిచేసి పగలు పడుకునేవాడు. ఆయన మంచానికీ మా డ్రమ్ములకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పాపం నిద్రపోతాడని మేం పాటకోసారి ఆపి, ఐదు నిమిషాలు చప్పుడు చేయకుండా కూర్చునేవాళ్లం. మహా మర్యాదస్తులం కదా! మూడో రోజు కాక లుంగీతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తిట్లు ఖాయమనుకున్నాం.

"ఏందిరా, గిట్ల ఆగుకుంట కొడ్తరు? బావిల చప్పుడు ఆగిందంటే ఏదో అయినట్టే. మీరు ఆగినప్పుడల్లా దిగ్గున లేచి కూసుంటున్న. కొడ్తె ఆపకుండ కొట్టుండ్రి."

అవసరమైతే తానే గోడ మీద కొడతానన్నాడు. ఒక్క దెబ్బ అంటే ఆపాలి, రెండంటే మొదలుపెట్టాలి. బావిలో గంటలతో సైగ చేసుకునే మనిషికి అది అలవాటే. అలా ఐదు పాటలనూ ఒకదానికొకటి అతికించాం. మాకొచ్చిన కాస్త పేరూ ఆ అతుకు వల్లే వచ్చింది. రికార్డు వినిపిస్తే మూడో పాటకే గురక పెట్టాడు.

"ఎట్లుంది కాకా?"

"మస్తు నిద్ర వట్టింది బిడ్డా."

అంతకు మించిన మెచ్చుకోలు మాకు మళ్లీ దొరకలేదు. మేం వాయించని రోజున, "ఇయ్యాల డ్యూటీకి నాగానా?" అని అడిగేవాడు. మా గోలను డ్యూటీ అన్నది ఆయనొక్కడే. అందుకే ఆయన పోయాక వాయించబుద్ధి కాలేదు. పైగా గోడ అవతల కాక భార్య, మా చిన్నమ్మ, ఒంటరిగా దుఃఖంలో ఉంది. డ్రమ్ముల మీద దుప్పటి కప్పి, బ్యాండ్ ఇక చాలనుకున్నాం.

నిన్న మధ్యాహ్నం ముగ్గురం సామాన్లు సర్దుతుంటే గోడ మీద దెబ్బ పడింది. కాస్త ఆగి, ఇంకొకటి.

"పదిహేను రోజులాయె, కన్ను మూతవడ్తలేదు," చిన్నమ్మ గొంతు వినిపించింది. "కొట్టుండ్రి బిడ్డా."

దుప్పటి తీశాను. ఐదో పాట అయ్యాక ఆపకుండా మళ్లీ మొదటి పాటలోకి వెళ్లాం. ఆపమనే ఒక్క దెబ్బ కోసం చెవులు గోడ వైపే ఉంచాం. పొద్దుగూకేదాకా అది పడలేదు.