రెండో తుమ్ము

1941 ఎండాకాలంలో నన్ను సబ్ అసిస్టెంట్ సర్జనుగా కర్నూలుకు బదిలీ చేసి, ఆసుపత్రిలో ఎక్స్‌రే గది అప్పగించారు. నీళ్లు తక్కువ, ఎండ ఎక్కువ అయిన సీమ కాబట్టి మూత్రపిండాల్లో రాళ్లకు కొదవ లేదు. రాయి సంగతి మామూలు ఫిల్ములోనే తెలుస్తుంది. రెండో మూత్రపిండం పనిచేస్తున్నదో లేదో తెలియాలంటే మాత్రం అయోడిన్ కలిసిన మందు నరంలోకి ఎక్కించి, అది మూత్రంలోకి దిగేటప్పుడు ఫొటో తీయాలి. అది తేలనిదే మా సర్జనుగారు కత్తి పట్టేవారు కాదు.

బేతంచెర్ల నాపరాతి గనిలో పనిచేసే నాగప్పను ఆ పరీక్షకే పంపారు. రాళ్లు కొట్టేవాడి కడుపులోనూ రాయేనా అని వార్డులో వేళాకోళమాడారు. నొప్పితో అతను మెలికలు తిరగడం చూసిన నాకు నవ్వు రాలేదు. నియమం ప్రకారం ముందుగా కంట్లో ఒక చుక్క మందు వేసి చూశాను. కన్ను ఎర్రబడలేదు. అంటే మందు ఒంటికి పడుతుందని లెక్క. అతను బెదురుతున్నాడని భార్య సుంకమ్మను గదిలో ఉండనిచ్చాను.

మందు నెమ్మదిగా ఎక్కిస్తుండగా నాగప్ప తుమ్మాడు.

“ఒంటి తుమ్ము సామీ. రోంతసేపు ఆగు,” అంది సుంకమ్మ.

మాది తరాలుగా చర్చికి పోయే కుటుంబం, శకునాల పట్టింపు లేదు. అయినా మా అమ్మ చర్చికి బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కూర్చుని గుక్కెడు నీళ్లు తాగి గానీ కదిలేది కాదు. ఆ అలవాటు కొద్దీ కాబోలు, సూది తీయకుండా చెయ్యి ఆపాను.

అంతలో ఇంకో తుమ్ము. సుంకమ్మ ముఖం తేటపడింది.

“రెండు తుమ్ములు మంచిదే. ఇంక కానీ సామీ. నొప్పికి శానా అల్లాడిపోతాండాడు.”

నాకూ కానిద్దామనే అనిపించింది. యుద్ధకాలంలో ఆ మందు మద్రాసు నుంచి రావడమే గగనం. సగం మందుతో ఫొటో రాదు. అయితే నాగప్ప మెడ మీద దద్దుర్లు లేస్తున్నాయి. గొంతు పట్టేసినట్టుండాది అన్నాడు. చూస్తుండగానే పెదవులు వాచాయి, నాడి చేతికి అందలేదు. సూది లాగేసి అడ్రినలిన్ ఇచ్చాను. కాళ్లు ఎత్తి పట్టుకోమంటే సుంకమ్మ వెంటనే పట్టుకుంది. మనిషి చేయి దాటిపోయాడనే భయపడ్డాను. కాసేపటికి నాడి తగిలింది, ఊపిరిలో పిల్లికూతలు తగ్గాయి. తర్వాత మద్రాసులో వేరే పద్ధతిన పరీక్షించి రాయి తీశారు.

మందు పడటం లేదని ఒళ్లు చెప్పిన మొదటి గుర్తే ఆ తుమ్ములు. కంటి చుక్కను ఆపైన నేను నమ్మలేదు. ఈ మందు ఇచ్చేటప్పుడు అడ్రినలిన్ నింపి పక్కన పెట్టుకోవాలి. కొంచెం ఎక్కించి ఆగాలి, మనిషిని చూడాలి. తుమ్మినా, తుమ్మకపోయినా.