రావద్దంటే అందరూ వచ్చేరు

మొన్న గురువారం మా గుమ్మం ముందు చెప్పుల గుట్ట చూస్తే ఎవరైనా పెళ్ళిల్లు అనుకుంటారండి. లోపలికొస్తే పొయ్యి లేదు, గచ్చు లేదు, ఒళ్ళంతా సిమెంటుతో నేనున్నాను! వాళ్ళందర్నీ రావద్దని రాసింది కూడా నేనే.

ఆ గురువారం ప్రార్థన కూడిక మా ఇంట్లో అని ముందే మాటయ్యింది. మా కోనసీమలో కూడికకి వచ్చినవాళ్ళని భోజనం పెట్టకుండా పంపిస్తే ఇక తలెత్తుకోలేం. ఇంతలో టైల్స్ మేస్త్రి వచ్చి వంటిల్లంతా తవ్వేసేడు. "గురువారానికి అవుతుందా నాయనా?" అంటే, "ఆయ్, అయిపోద్దండి" అన్నాడు. ఆ 'ఆయ్' వినగానే అవదని తెలిసిపోయింది.

మా మనవరాలు గ్రేసీ అమలాపురంలో కంప్యూటర్ చదువుతోంది. మా చర్చికి వెబ్‌సైట్ తనే చేసింది. అందులో 'అయ్యగారికి కబురు' అని, పాస్టరుగారికి రాసుకునే పేజీ ఒకటి ఉంది. నేను మనవలు పుట్టాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఫోన్ చేస్తే పోయేదానికి, రాసే సరదా కొద్దీ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసేను.

పాస్టరుగారిని రావద్దని మొహం మీద ఎలా అంటాం చెప్పండి? ముందు వందనాలు రాసేను. పాస్టరమ్మగారి ఆరోగ్యం అడిగేను. గురువారం మీరంతా రావడం మా భాగ్యం అన్నాను. రొయ్యల కూర వండాలని ఎంతో ఆశపడ్డానన్నాను. అప్పుడు మెల్లిగా మేస్త్రి, సిమెంటు, ఆఖర్న 'ఈసారికి రావద్దండి, క్షమించండి'. సెండ్ నొక్కేను. 'అందింది' అని వచ్చింది. ఎంత మురిసిపోయేనో!

మర్నాడు అయ్యగారి జవాబు: "చాలా సంతోషం మామ్మగారండీ, తప్పకుండా వస్తాం."

నా రాతలో మర్యాద తక్కువైందేమో అనుకున్నాను. ఇంకా పొడుగ్గా రాసేను. పూతరేకులు కూడా తెప్పిద్దామనుకున్నాం అని కలిపేను. దానికీ జవాబొచ్చింది: "అంత శ్రమ ఎందుకండీ!"

వచ్చేరండి. ఇసక గుట్ట ఎక్కి దిగి మరీ వచ్చేరు. అయ్యగారు వంటింటి కేసి చూసి, "మామ్మగారండీ, రొయ్యలు ఎక్కడ వండేరు?" అన్నారు. మా చెట్ల కొబ్బరిబొండాలే పరువు కాపాడేయి.

వాళ్ళు వెళ్ళాక గ్రేసీ లాప్‌టాప్ తెరిచింది. "ఎన్నిసార్లో టెస్ట్ చేసేను మామ్మా, అంతా బాగానే వచ్చింది!"

"ఏం రాసి చూసేవే?"

"హలో హలో అని. ఇంగ్లీషులో."

నాది మళ్ళీ పంపించి చూస్తే రొయ్యల కూర దగ్గర తెగిపోయింది! మనం పంపినదాన్ని అందుకునే హ్యాండ్లర్ అనేదొకటి ఉంటుందట. పేజీ దానికి ముందుగా అక్షరాలు లెక్కపెట్టి చెబుతుందట. అది అన్ని బైట్లే తీసుకుని తలుపేసుకుంటుందట. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలట, మన అక్షరానికి మూడేసి కావాలట. బస్సులో ఒక్కోరు మూడేసి సీట్లు పట్టినట్టన్నమాట! మన అక్షరం అంత బరువని ఇన్నాళ్ళూ నాకు తెలీనే తెలీదు.

"అయితే నేను రాసిందాంట్లో మూడోవంతే చేరిందా?"

"ఆయ్."

ఆ మూడోవంతూ నా మర్యాదే మరి!

గ్రేసీ ఏదో టకటకా కొట్టి సరిచేసింది. "నా తప్పు దిద్దేను మామ్మా. నువ్వు కూడా విషయం ముందు రాయడం నేర్చుకో."

సరేనన్నాను. బొండాలతో పంపించేమన్న సిగ్గు కొద్దీ, వచ్చే గురువారం కూడిక మళ్ళీ మా ఇంట్లోనే అని చెప్పి ఉన్నాను. మేస్త్రేమో ఇంకా 'ఆయ్' దగ్గరే ఉన్నాడు. ఈసారి వందనాలూ లేవు, రొయ్యలూ లేవు. 'గురువారం మా ఇంటికి రావద్దు.' అంతే రాసి పంపించేను. ఒక్క అక్షరం తెగకుండా చేరింది.

సాయంత్రానికల్లా అయ్యగారు, అమ్మగారు, సంఘపెద్దలు అందరూ మా గుమ్మంలో నిలబడ్డారు. మొహాల్లో నెత్తురు చుక్క లేదు.

"మామ్మగారండీ, మా వల్ల ఏం తప్పు జరిగిందండీ?"

మళ్ళీ బొండాలు దింపించేను.