ఆఖరోడి కోసం ప్లాట్లు చూడబోయిన వైనం

ఆ రోజుల్లో టీవీలో ఏదైనా చూడాలంటే రిమోట్ దొరికితే చాలు. పాస్‌వర్డ్ ఎవరి ఫోన్‌లో ఉంది, ఏ యాప్‌కి గడువు ఎప్పుడు తీరింది అని ఇల్లంతా ఆరా తీయాల్సిన పని లేదు. మేడ్చల్‌లో మా గల్లీ మొత్తానికి ఒకే కేబుల్ అన్న. నెల మొదట్లో గేటు ముందు బండి ఆపి "అమ్మా, కేబులూ" అని కేకేసేవాడు. ఆ ఒక్క బిల్లులోనే భక్తి, వంటలు, సీరియళ్లు, కార్ల రేసులు అన్నీ కలిసి వచ్చేవి. డిగ్రీ పూర్తిచేసి విత్తనాల గోడౌన్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన నాకు వారమంతా బస్తాల దుమ్మూ తుమ్ములూ, ఆదివారం సాయంత్రం మాత్రం కార్ల రేసు. అదొక్కటే నా విలాసం. ఎక్కడో సముద్రం అవతల ఏ ట్రాక్‌లో ఏ మలుపు ఎంత ప్రమాదమో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి (మా దగ్గర్లోని జవహర్‌నగర్ మీదుగా ఎటు పోవాలో అడిగితే మాత్రం తెల్లమొహం వేసేవాణ్ణి).

మా అవ్వ, అంటే మా బాపు తల్లి, మొదట్లో చింతపండులో గింజలు తీసుకుంటూ నా పక్కన ఊరికే కూర్చునేది. "గిదేంది బిడ్డ, పోయినోళ్లే మళ్ల మళ్ల వస్తున్నరు? తొవ్వ తప్పిన్రా?" అని అడిగింది మొదటిరోజు. రేసంటే అలా చుట్లు తిరగడమేనని చెప్తే "గీ మాత్రం దానికి గంత జల్దీ ఎందుకు?" అంది. నాలుగు చక్రాలూ రెప్పపాటులో మార్చే కుర్రాళ్లను చూసి మాత్రం గింజలు తీయడం ఆపేసింది. ఆ తర్వాత ఒకరోజు, అందరికంటే వెనక, ఒంటరిగా వస్తున్న పసుపు రంగు కారు ఆమె కంట్లో పడింది. "పాపం, వీడు ఎవ్వల కొడుకో!" అంది. అంతే, ఇక ఆ పసుపు కారు మా ఇంటి కారైపోయింది, దాన్ని నడిపేవాడు ఆఖరోడైపోయాడు. నాకు చిరాకు. ముందు రెండు కార్లు ఒరుసుకుంటూ పోతుంటే నేను కుర్చీ అంచున కూర్చుని ఊపిరి బిగబడితే, పక్కనుంచి "మనోడు యాడున్నడు?" అని ప్రశ్న. టీవీ వాళ్లు మనోణ్ణి చూపించేది ఎప్పుడయ్యా అంటే, ముందున్నవాళ్లు ఒక చుట్టు ఎక్కువ తిరిగొచ్చి దాటేటప్పుడు, దారి ఇమ్మని వాడికి జెండా ఊపినప్పుడు. "జెండాలు ఊపి మరీ పక్కకు జరుపుతరా? గంత మోటు మనుషులేంది!" అని అవ్వ ఆ జెండా ఊపేవాళ్లను పేరుపేరునా (పేర్లు తెలియవు కాబట్టి టోపీల రంగులతో) తిట్టేది.

ఒక ఆదివారం టీవీ పెడితే రేసు లేదు. ఆ ఛానెల్ ఉండాల్సిన చోట ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు. కేబుల్ అన్నకు ఫోన్ చేస్తే "నా చేతుల ఏం లేదు తమ్మీ. ఇగ అది యాప్‌లనే వస్తదట, ఏడాదికి విడిగ కట్టాలె" అన్నాడు. ఎంత కట్టాలో విని ఫోన్ పెట్టేశాను. నా కొత్త జీతం బండి వాయిదాకూ చెల్లి ఫీజుకూ సరిపోయేది, ఇక మిగిలింది బాపు. బాపు భూమిని అమ్మించే ఏజెంటు. ఒకప్పుడు ఆయనకూ సొంత భూమి ఉండేది. ఔటర్ రింగ్ రోడ్డు వస్తుందన్న మాట రాకముందే తన వాటా అమ్మేసుకున్నాడు. ఓపికపట్టిన అన్నలిద్దరూ ఇప్పుడు పెద్ద పెద్ద కార్లలో తిరుగుతూ పంచాయతీలు చెప్తుంటే, ఈయన వాళ్ల భూములకు కస్టమర్లను వెతుకుతూ స్కూటర్ మీద తిరిగేవాడు. విషయం చెప్పగానే బాపు చెప్పులు విడవకుండానే తీర్పు చెప్పాడు: "కార్లు ఉరుకుడు చూస్తానికి పైసలెందుకు రా? రింగ్ రోడ్డు కాడికి పో, బ్రిడ్జి మీద నిలబడు. ముఫత్‌గ పొద్దుందాక ఉరుకుతయి."

ఇక ఆదివారాలు ఫోన్‌లో రేసు వార్తలు చదివి అవ్వకు వినిపించేవాణ్ణి. వాళ్లు ముందున్న పదిమంది గురించే రాసేవారు. "మనోని ముచ్చట సెప్పు" అంటే "రాయలేదవ్వా" అనేవాణ్ణి. "మంచిగున్నడో లేడో గది గూడ రాయరా?" అనేది. చివరికి ఒకరోజు రాశారు. ఈ ఏడాది చివరి రేసుతో వాడు ఆట మానేస్తున్నాడట. రెండే వాక్యాలు. అవి వినగానే అవ్వ చింతపండు చాట పక్కన పెట్టేసింది. "గా రేసు నాకు సూపియ్యి బిడ్డ. నేను సూడకపోతే వాన్ని ఇంకెవ్వలు సూస్తరు?" అంది. ఆమె నన్ను అంతకుముందు ఏదీ అడిగిన గుర్తు లేదు.

దారి చూపించింది మా మేనబావ. లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర కొత్త వెంచర్‌లో మార్కెటింగ్ ఉద్యోగం ఆయనది. ఆ ఆదివారం సాయంత్రం అక్కడ క్లబ్‌హౌస్ మొదలవుతోందట. గోడంత టీవీ, అందులో లోకంలో ఉన్న యాప్‌లన్నీ, వచ్చినవాళ్లకు ఏసీ బస్సు, పకోడీ, రాత్రి బిర్యానీ. "కాకుంటే ప్లాట్లు కొనేటోళ్ల లెక్క రావాలె" అన్నాడు. ప్లాట్లు చూపించే బస్సు ఎక్కి బిర్యానీ తిని దిగిపోవడం మా వైపు కొత్తేం కాదు కాబట్టి నాకు పెద్ద బెరుకనిపించలేదు. అవ్వ మాత్రం ఈ పనిని చాలా గంభీరంగా తీసుకుంది. పట్టుచీర కట్టింది, మెళ్లో ఉన్న బంగారు గుండ్లు పైకి తీసి వేసుకుంది. "భూమి కొనేటోళ్లు గిట్లనే ఉంటరు" అంది. బస్సులో పక్కావిడ ఎన్ని గజాలు చూస్తున్నారని అడిగితే "సూస్తం, తొందరేమున్నది" అని కిటికీ వైపు తిరిగింది. ఆ దర్పం చూసి దిగేటప్పుడు డ్రైవరే చెయ్యి పట్టుకుని దింపాడు.

క్లబ్‌హౌస్‌లోకి అడుగుపెట్టేసరికి టీవీలో కార్లు వరుసకట్టి ఉన్నాయి. మా బావ మాట నిలబెట్టుకున్నాడు. మెత్తటి సోఫాలో మధ్యలో అవ్వను కూర్చోబెట్టి తల తిప్పితే, పకోడీల బల్ల దగ్గర, ఎవరో పెద్దమనిషి చేతికి కాగితపు ప్లేటు అందిస్తూ మా బాపు! ఆ పెద్దమనిషి అల్వాల్ సారు. రిటైరైన లెక్కల మాస్టారు. అప్పటికి ఎన్నో నెలలుగా బాపు ఆయనకు షామీర్‌పేట మండలం మొత్తం చూపించాడు, ఆయన ప్రతి ప్లాటుకూ "ఆలోచిస్తాను" అనేవాడు. కొత్త వెంచర్లలో జనం నిండుగా కనపడాలని ఏజెంట్లు తమ చుట్టాలనే తెచ్చి కూర్చోబెడతారని ఆయనకు గట్టి అనుమానం. ఇప్పుడు తన ఏజెంటు తల్లీ కొడుకూ సోఫాలో ఉన్నారని తెలిస్తే ఇక అంతే సంగతులు. బాపు మమ్మల్ని చూశాడు. మొహంలో రంగులు మారాయి. తర్వాత, నేను చచ్చేదాకా మర్చిపోలేని వినయంతో ముందుకు వంగి, కన్నతల్లిని అడిగాడు: "నమస్తే మేడం. చాయ్ తీసుకుంటరా?"

జీవితంలో ఎవరూ మేడం అనని మా అవ్వ ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది. "తీసుకుంట. చక్కెర జర ఎక్కువెయ్యి" అంది.

రేసు సగానికి వచ్చింది. మనోడు యథాప్రకారం చివర్లో ఉన్నాడు. చివరి రేసు కదా, ఆ రోజు అప్పుడప్పుడూ చూపిస్తున్నారు. చూపించినప్పుడల్లా అవ్వ నా మోకాలు మీద కొట్టేది. అంతలో మా బావ రిమోట్ పట్టుకుని వచ్చాడు. మేనేజర్ చెప్పాడట, వెంచర్‌ను పైనుంచి తీసిన డ్రోన్ సినిమా వేయాలట. "అమ్మమ్మా, పది నిమిషాలే" అన్నాడు. "పది నిమిషాలల్ల వాడు పోతడు" అంది అవ్వ, రిమోట్ గుంజుకుని కొంగులో చుట్టేసింది. హాలంతా ఇటు తిరిగింది. నాకు సోఫా కింద దూరాలనిపించింది. అల్వాల్ సారు చాయ్ కప్పుతో దగ్గరికొచ్చి "ఏమ్మా, మీరు ఏ ప్లాటు చూసుకున్నరు?" అని అడిగాడు. బాపు ఆయన వెనక నిలబడి రెండు చేతులూ జోడించాడు. అవ్వ ఆ చేతులు చూసింది, టీవీ చూసింది, విసుక్కుంది. "ప్లాటు లేదు గీటు లేదు సారూ. మా ఇంట్ల గీ రేసు రాకుంట అయింది, గందుకొచ్చిన. గా పసుపు కారోడు మనోడు. నీ ఎన్కల నిలబడ్డోడు నా కొడుకు. ఇగ కూసో, అడ్డం రాకు."

సారు వెనక్కి తిరిగి బాపును చూశాడు. బాపు నేలను చూశాడు. తర్వాత ఆ లెక్కల మాస్టారు నవ్వడం మొదలుపెట్టి, నవ్వుతూనే అవ్వ పక్కన కూర్చుని "మనోడు ఎన్నో స్థానంలో ఉన్నడమ్మా?" అన్నాడు. మేనేజర్ రెండుసార్లు వచ్చి రిమోట్ అడిగే ధైర్యం చాలక వెనక్కి పోయాడు. గెలిచినవాడు గీత దాటాడు, బాణాసంచా కాల్చారు, టీవీ అంతా వాడే. పిల్లలు పకోడీల వైపు పరిగెత్తారు. అవ్వ మాత్రం కదల్లేదు. చాలాసేపటికి, అందరూ వచ్చేశాక, తెర మూలలో పసుపు కారు వచ్చింది. అవ్వ పట్టుచీర సర్దుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ పెద్ద హాల్లో అదొక్కటే చప్పుడు. తర్వాత సారు లేచాడు, నేను లేచాను.

సారు బిర్యానీ తిని, ఒక్క ప్లాటైనా చూడకుండా "ఆలోచిస్తాను" అని అల్వాల్ వెళ్లిపోయాడు. ఆయన కారులోనే వచ్చిన బాపు మాతోపాటు బస్సెక్కాల్సి వచ్చింది. ఇక పెడతాడు గడ్డి అనుకుని నేను తల వంచుకున్నాను. బాపు వచ్చి అవ్వ పక్క సీట్లో కూర్చున్నాడు. "ఓడిపోయేటోన్ని చూస్తానికి గింత దూరం వస్తవా అమ్మా?" అన్నాడు, కోపం కంటే అలసట ఎక్కువున్న గొంతుతో.

"ముందటోన్ని సూస్తానికి లోకమంత ఉన్నది కొడుకా" అంది అవ్వ. "ఆఖరోనికి కన్న అవ్వ ఒక్కతే గద. నువ్వు పొద్దుందాక ఆ స్కూటర్ మీద తిరిగి తిరిగి వస్తవు. నేను గడపల కూసోని సూస్తలేనా?"

బాపు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. మేడ్చల్ వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

మరుసటి ఏడాది రేసులు మొదలయ్యే ముందు, ఎవరూ అడక్కుండానే, బాపు కేబుల్ అన్నను వెంటబెట్టుకొచ్చి ఆ యాప్ పెట్టించాడు. ఏడాది డబ్బు కట్టేశాక అవ్వ ముందు నిలబడి "మేడం, మీ టీవీ తయారు" అన్నాడు. (అప్పటికి తనను మేడం అని పిలిస్తే తప్ప అవ్వ ఆయనకు అన్నం పెట్టడం మానేసి చాలాకాలమైంది.) ఆమె ఉన్నన్నాళ్లూ ఏటేటా ఒక కొత్త ఆఖరోణ్ణి ఎంచుకుని పెంచింది.

అవ్వ పోయాక కూడా బాపు ఆ చందా ఆపలేదు. రేట్లు ఏటా పెరుగుతున్నాయి, ఆయన ఏటా సణుగుతాడు, ఏటా కడతాడు. ఇప్పుడు ఇంకొంచెం ఎక్కువ కడితే ఏ కారు కావాలంటే ఆ కారు లోపలి కెమెరా మొదట్నుంచి చివరిదాకా చూడొచ్చట. ఆ సంగతి తెలిసిన రోజే నేను కట్టేశాను. ముందున్న రెండు కార్లు తప్ప మూడోది కనపడని, అవ్వ మాట్లాడితే చిరాకుపడిన ఆ గోడౌన్ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. మొన్న ఆదివారం మా పాప వచ్చి "నాన్నా, ఫస్ట్ వచ్చేది వేరే కారు కదా, ఈయన్నెందుకు చూస్తున్నవు?" అని అడిగింది. పక్క కుర్చీలో బాపు కళ్లజోడు తుడుచుకుంటూ అన్నాడు.

"పాపం, వీడు ఎవ్వల కొడుకో!"