పారేసే ప్లేటు

చంద్రపూర్ బస్టాండు ఎదుటి మిఠాయి దుకాణంలో కచోరీల కోసం జనం ఎప్పుడూ తోసుకునేవారు. ఆ ఏడాది కొత్త కంపెనీ కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తెచ్చి, స్టీలు ప్లేట్లు తీసేసి, తిని పారేసే థర్మాకోల్ ప్లేట్లు పెట్టారు. వరోరా బస్సు కోసం ఆగిన నేను కచోరీ తింటుంటే, ఒక పెద్దాయన "జర జరుగు బిడ్డా" అంటూ తన కచోరీ ప్లేటుతో పక్కన నిలబడ్డాడు. ఆ మరాఠీ ఊళ్లో తెలుగు మాట వినపడగానే ప్రాణం లేచొచ్చి, చేతిలో ప్లేటు చూపించాను.

"గిదే నయం కాకా. ఒకరి ఎంగిలి ఒకరికి అంటదు."

ఆయన నమలడం ఆపాడు.

"నయమే. నేను బొగ్గుబావిల చేరిన కొత్తల, గీ దుకాణంల అందరికి స్టీలు ప్లేటు ఇస్తుండె. మా కులమోళ్లకు పారేసే మోదుగాకు దొప్ప. అదిగూడ బయట నిలబడి తినాలె. ఇప్పుడు మీకుగూడ పారేసేదే ఇస్తున్నరు."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

తిన్నాక మంచినీళ్లు అడిగాడు. కౌంటరు దగ్గరి మనిషి గ్లాసు నింపేలోపే పెద్దాయన నడుము వంచి దోసిలి పట్టాడు. గ్లాసు ముందుకొచ్చాక, చుక్క నీరు పడని ఆ చేతుల్ని తువ్వాలతో తుడుచుకున్నాడు.