పూడ్చని గండి

మా మామయ్య పడవల మేస్త్రీ. సముద్రానికీ లోపలి కాలవకూ మధ్య పొడుగాటి ఇసుక గట్టు. గట్టు మీద మా వీధి, కాలవ ఒడ్డున ఆయన పడవలు కట్టే పాక. పెద్ద పడవ తయారైతే గట్టుకు గండి కొట్టి, పోటు మీద సముద్రంలోకి దాటిస్తారు. మళ్ళీ పోటు రాకముందే తడికెలూ ఇసుక బస్తాలూ వేసి పూడ్చేస్తారు. అక్కడి పద్ధతి అది.

ఒక ఏడు వెంటవెంటనే రెండు పడవలు దించాల్సి వచ్చింది. "మళ్ళీ తవ్వాల్సిందేగా, పూడ్చడం దేనికి?" అన్నాడు మామయ్య. రెండో పడవ ఆలస్యమైంది. తుపాను ఆలస్యం చెయ్యలేదు. గండిలోంచి సముద్రం వచ్చి వీధిలో ఒక వరుసంతా మింగింది. మా వంటిల్లు పోయింది.

"నీ పడవ పోయిన దారినే నా వంటిల్లూ పోయింది అన్నయ్యా" అంది అమ్మ. అంతే. తిట్టినా ఆయనకు బాగుండేది.

ఊరంతా కలిసి గండి పూడ్చాక కూడా మామయ్య మా గడప తొక్కలేదు. బయటే నిలబడి, "అంతా బాగున్నారా?" అని గోడల్ని అడిగినట్టు అడిగి వెళ్ళిపోయేవాడు. మిగిలిన గది గోడకు పడిన నెర్రె మీదే చూపంతా.

పోయిన చలికాలం ఇంకో పెద్ద పడవ సిద్ధమైంది. అది కట్టించుకుంటున్న షావుకారు వచ్చాడు.

"పెద్ద పోటు రేపే మేస్త్రీ. గండి కొట్టించు."

"కొట్టనండి. దుంగల మీద గట్టు దాటిస్తాను."

"మతి పోయిందా? అడుగు దూలం విరిగితే?"

"మళ్ళీ వేస్తాను. వీధి పోతే కట్టలేను."

"వెంటనే పూడ్చేద్దువుగానివయ్యా!"

"అప్పుడూ పూడుస్తాననే అనుకున్నాను."

వీధి వీధంతా తాళ్ళు పట్టింది. "పడవకు కాళ్ళు మొలిపించావు మేస్త్రీ!" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు, ఆయన తప్ప. గట్టు నడినెత్తిన దూలం ఫెళ్ళుమంది. షావుకారు తల పట్టుకున్నాడు. మామయ్య మాత్రం తిరిగి మా ఇంటి వైపు చూశాడు.

దూలం మార్చి పడవను దాటించాడు. గండి కొట్టని మేస్త్రీతో పని కాదని షావుకార్లు వేరే రేవు చూసుకున్నారు. ఇప్పుడాయన గట్టు మీదుగా మోసుకుపోగలిగే చిన్న పడవలే, అడుగు బల్లపరుపుగా ఉండేవి, కడుతున్నాడు.

నిన్న గుమ్మం ముందు నిలబడితే అమ్మ లోపల పీట వేసింది. "రా అన్నయ్యా. వంటింట్లోకి రమ్మననులే, అది లేదుగా."

మామయ్య నవ్వబోయి ఆగాడు. పీట దాకా రాలేదు. గడప మీదే కూర్చున్నాడు, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.