మా గోదాములో యుద్ధం

మా ఆయనకు సినిమా అంటే మహా మోజు. మిర్యాలగూడ దగ్గరున్న మా రైస్ మిల్లును షూటింగ్‌కు అడిగితే, నాకు మాటమాత్రం చెప్పకుండా ఒప్పేసుకున్నాడు. యుద్ధం సినిమా అట. గోదాములో దాచిన పిల్లల్ని కాపాడబోయి ఒక సైనికుడు ప్రాణాలు వదులుతాడట. పిల్లలుగా మా హమాలీల పిల్లల్నే తీసుకున్నారు. మా ఏడేళ్ల అమ్మాయి "నేను సుత ఉంట" అని అన్నం మానేసి కూర్చుంటే సరేనన్నాను. మా మరిది కొడుకు దానికి తోక, నాలుగేళ్లవాడు. వాణ్ణీ చేర్చుకున్నారు.

సైనికుడి వేషం వేసిన అబ్బాయి పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని గుసగుసగా ఏదో చెప్పాడు. అందరూ తలలూపారు. పొగ పెట్టారు, టపాసులు పేల్చారు. ఆ అబ్బాయి తలుపుకు అడ్డంగా నిలబడి, చొక్కా నిండా ఎర్ర రంగుతో కూలిపోయాడు. బాగా వచ్చిందన్నారు. వీళ్లెప్పుడు పోతారా అని నా ప్రాణం విసిగిపోతోంది. అసలే సీజను, త్రిపురారం నుంచి వచ్చిన వడ్ల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. కెమెరాను బయటికి మార్చగానే మా పనివాళ్లు మోటారు వేసి వడ్లు పోయడం మొదలుపెట్టారు.

పిల్లలకు బిస్కెట్లు పంచుతుంటే మా అమ్మాయి, మరిది కొడుకు కనిపించలేదు.

మిల్లులో పిల్లలు కనబడకపోతే మాకు ముందు గుర్తొచ్చేది వడ్లు పోసే గుంత. ట్రాక్టరు వడ్లన్నీ అందులోకే జారతాయి, అడుగు నుంచి యంత్రం పైకి లాగేసుకుంటుంది. కాలు జారితే పెద్దవాళ్లయినా దిగబడిపోతారు.

"మోటర్ బంద్ పెట్టుండ్రి" అన్న నా కేకకు మిల్లంతా ఆగిపోయింది. ఎందుకని ఎవరూ అడగలేదు. హమాలీలు గుంతలోకి దిగి గంపలతో వడ్లు ఎత్తిపోయసాగారు. నేను గోదాములో, లారీల కింద, ఊక కుప్పల వెనక "బిడ్డా, అమ్మను, రా" అని గొంతు పోయేలా పిలుస్తూ తిరిగాను. మా ఆయన గుంత పక్కనే చతికిలబడ్డాడు. ఆయన్ని తిట్టడం కూడా మరిచి మళ్లీ లారీల వైపు పరుగెత్తాను.

గోల విని ఆ వేషం వేసిన అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. సంగతి అడిగి తెలుసుకున్నాడు.

"నేను వచ్చేదాకా ఎవరు పిలిచినా రావద్దని నేనే చెప్పానండి" అన్నాడు.

గోదాములోకి వెళ్లి పిలిచాడు. "యుద్ధం అయిపోయిందమ్మా, వచ్చెయ్యండి."

మళ్లీ పిలిచాడు. బస్తాల వెనక నుంచి సన్నటి గొంతు వినిపించింది.

"నువ్వు సచ్చిపోయినవ్ గద?"

చెమ్మ తగలకుండా బస్తాలను గోడకు కాస్త ఎడంగా పేర్చడం మా మిల్లుల పద్ధతి. సినిమా వాళ్లు దాక్కోమని చూపించిన చోటు నచ్చక, మా పిల్ల తమ్ముణ్ణి తీసుకుని ఆ సందులోకి దూరింది. మా అందరి ప్రాణాలూ గుంతలోనే ఉన్నాయి కాబట్టి అటు ఎవరమూ తొంగి చూడలేదు.

"చావలేదమ్మా, ఇదిగో చూడు" అంటూ అతను మోకాళ్ల మీద కూర్చుని సందులోకి చేయి చాపాడు. అది ఆ చేతిని గిల్లి చూసింది. గోనెసంచి కప్పుకుని నిద్రపోతున్న తమ్ముణ్ణి ముందు అందించి, తర్వాత తను బయటికి వచ్చింది.

ఇద్దరినీ ఒళ్లో వేసుకుని కూలబడ్డాను. బతికిపోయాను అనిపించింది. అంత హాయిగా నేనెన్నడూ ఏడవలేదు. ఏడుపు తీరాక కోపం వచ్చింది.

"నేను గంతగనం పిలిస్తే ఇనవడలేదా నీకు?"

"ఇనవడ్డది. దుష్మన్లు అమ్మ గొంతుతోని సుత పిలుస్తరని ఆయన చెప్పిండు."

"నిజంగ నేనే అయితే?"

మా పిల్ల నా ఒళ్లో ఉన్న తమ్ముడి వైపు చూసింది.

"నాకు ఉరికి రావాలనే అనిపించింది. కని తమ్ముడు ఉన్నడు గద" అంది.