మా కప్పు మీదుగా వచ్చిన కారు

కప్పు ఎగిరిపోవడం తుపాను చేసిన పని. ఆ కప్పుకి రావలసిన బీమా కూడా ఎగిరిపోయేలా చేయబోయింది మాత్రం నేను. తుపానుకైతే ఓ పేరు పెట్టి, రేవులో జెండా ఎగరేసి, జాగ్రత్తలు చెప్పి మరీ పంపిస్తారు. నేను అలాంటి హెచ్చరికలేవీ లేకుండా భవానీపురంలో బస్సెక్కి నేరుగా అత్తారింటికి దిగాను.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక బట్టల దుకాణంలో లెక్కలు చూసేవాణ్ణి. మా మావగారు వీర్రాజుగారిది పెడన వైపు నేత కుటుంబం. ఇంటి పక్కనే బెంగుళూరు పెంకుల షెడ్డు, అందులో గుంట మగ్గం, దాని మీద ఎప్పుడు చూసినా సగం నేసిన చీర ఉండేవి. మావగారు గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే అత్తగారు పక్కన కూర్చుని కండెలు చుట్టేవారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ షెడ్డు పుణ్యాన్నే.

ఆ షెడ్డుకి బీమా కట్టించింది నేనే. కొత్త అల్లుడికి తన తెలివితేటలు నలుగురికీ చూపించాలన్న దురద ఒకటి ఉంటుంది, మీకు తెలియనిది కాదు. మావగారు మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు.

"తుపాను రాకముందే దానికి డబ్బు కట్టడమేంటి బాబూ? బొట్టు పెట్టి పిలిచినట్టుండదూ?" అన్నారు.

"అలా కాదండీ మావయ్యా. ఇది ధైర్యానికి" అన్నాను.

కట్టాం. పిలుపు అందినట్టుంది, ఆ కార్తీకంలోనే తుపాను వచ్చింది. షెడ్డు కప్పు సగానికి పైగా లేచిపోయి పెరట్లో కుప్పపడింది. మగ్గం మీది పడుగు నూలు తడవకుండా మావగారు బరకం కప్పి కాపాడుకున్నారు గానీ, మగ్గం గుంట నిండా నీళ్లు. మళ్లీ కప్పు పడితే గాని మగ్గంలో నాడె అటూ ఇటూ ఆడదు. క్లెయిము వస్తే గాని కప్పు పడదు. ఆ క్లెయిము సంగతి చూసే భారం ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా నా నెత్తిన పెట్టారు.

"చదువుకున్నవాడు. ఆయనే చూసుకుంటాడులే" అన్నారు మావగారు. ఆ మాట వింటుంటే నా కాళ్లు నేల మీద ఆనలేదు.

బీమా ఏజెంటుకి ఫోన్ చేశాను. ఆయన చెప్పినవి రెండే ముక్కలు. "ఫోటోలు తీసి పంపండి. కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ కదపకండి." రెండు ముక్కలూ బుద్ధిగా విన్నాను. ఏ ముక్కనీ సరిగ్గా పాటించలేదు.

ముందు ఫోటోల సంగతి చెబుతాను. ఫోటో అనగానే అత్తగారు లోపలికెళ్లి చీర మార్చుకుని, తలలో పువ్వులు పెట్టుకుని వచ్చారు. మావగారు ఉతికిన పంచె కట్టారు. మా ఆవిడ సుధ అసలైన ప్రశ్న వేసింది.

"ఏవండీ, వెనకాల ఆ విరిగిన వాసాలూ అవీ పడతాయేమో. అసహ్యంగా ఉండదూ?"

నిజమే అనిపించింది. మనింటి ఫోటో ఎక్కడో ఆఫీసులో పెద్దపెద్దవాళ్లు చూస్తారు. నేతగాళ్ల ఇంట్లో మంచి గుడ్డకి కొదవా? మావగారు నేసిన వాటిలో మేలైన నెమలిపింఛం రంగు చీర, జరీ అంచుది, తీసి వెనకాల తెరలా కట్టాం. దాని ముందు అందర్నీ వరసగా నిలబెట్టి "కాస్త నవ్వండి" అన్నాను. అందరూ నవ్వారు. ఎడమ వైపు నిలబడ్డానికి పొరుగావిడ కూడా వచ్చింది. ఫోటోలు దివ్యంగా వచ్చాయి. వెంటనే పంపేశాను.

ఇక రెండో ముక్క. మర్నాడు సాయంత్రం సర్వేయరుగారు ఫోన్ చేశారు.

"రేపు పొద్దున వస్తున్నానండీ. మీ సందులోకి కారొస్తుందా?"

"ఎందుకు రాదండీ, బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక సందులోకి చూశాను. మా వైపు నల్లరేగడి వానకు నానిందంటే గేదె కూడా ఆలోచించి అడుగేస్తుంది. పని కట్టుకుని మనకోసం వస్తున్న పెద్దమనిషి కారు మన గుమ్మం ముందు బురదలో దిగబడితే ఆ అప్రతిష్ఠ ఎవరిది? అల్లుడిది. మా ప్రాంతంలో బురదకి మందు ఒక్కటే, పెంకుముక్కలు పరవడం. పెరట్లో చూస్తే కుప్పలుకుప్పలుగా పెంకులు. దేవుడే సమకూర్చినట్టుంది.

మావగారు ఒక్కసారి అడ్డుపడ్డారు. "వాటిని కదపొద్దన్నారు కదా బాబూ?"

"ఫోటోలు పంపించేశాం కదా మావయ్యా. ఇంకా పెంకుల్తో పనేముంది?"

అల్లుడి మాటకి ఎదురు చెప్పకపోవడం ఆ ఇంటి మర్యాద. ఆ మర్యాదే కొంప ముంచింది. నేను గమేళాలతో పెంకులు మోసి, సుత్తితో చితక్కొట్టి, సందు మొదటినుంచి గుమ్మం దాకా పరిచాను. పట్టు బాగుంటుందని, కప్పుతో పాటు విరిగిపడిన చెక్కపట్టీలు కూడా పెంకుల కింద పడేశాను. చల్లకొచ్చి ముంత దాచడం గురించి పెద్దలు చెప్పారు గానీ, చల్ల పోసేవాడు నడవడానికి ముంత పగలగొట్టి పరిచినవాడి గురించి ఎవరూ చెప్పలేదు. వాళ్లకి నేను తటస్థపడలేదు, అంతే.

ఈలోగా అత్తగారు షెడ్డులో నీళ్లు తోడి, ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టారు. పొద్దున్నే పెసరట్టు ఉప్మా సిద్ధం చేశారు.

సర్వేయరుగారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉన్నారు. కారు ఒక్క కుదుపు కూడా లేకుండా గుమ్మం దాకా వచ్చింది. నా ఛాతీ ఉబ్బింది.

"రోడ్డు బాగుందండీ" అన్నారు దిగుతూ.

"మీ కోసమే వేయించామండీ" అన్నాను.

ఆయన టిఫిను వద్దని కాఫీ మాత్రం తాగి షెడ్డులోకి నడిచారు. పైకి చూశారు. ఆకాశం కనిపించింది. కిందకి చూశారు. ముగ్గు కనిపించింది.

"ఇది తుపాను పడ్డ ఇల్లులా లేదండీ. రేపో మాపో పెళ్లి జరిగే ఇల్లులా ఉంది" అన్నారు. "సరే, పడిన పెంకులు ఎక్కడున్నాయి?"

"ఫోటోలు పంపానండీ" అన్నాను.

ఆయన ఫోన్ తీసి నాకే చూపించారు. "ఇవేనా? చీర బాగుందండీ. మీరందరూ కూడా బాగున్నారు. కప్పు ఎక్కడుంది?"

"చీర వెనకాల ఉందండీ."

"పోనీ, ఆ పెంకులైనా చూపించండి."

ఇక దాచి లాభం లేదు. ఆయన్ని గుమ్మంలోకి తీసుకొచ్చి సందులోకి చెయ్యి చాపాను. "అదిగోనండీ. తమరు దాని మీదుగానే వచ్చారు."

ఆయన సందునీ, నన్నూ మార్చిమార్చి చూశారు. తర్వాత నెమ్మదిగానే చెప్పారు. "కప్పు లేదన్నది కనిపిస్తూనే ఉందండీ. కానీ గాలికి పోయిందో, కొత్తది వేయించుకుందామని మీరే దింపించారో నేనెలా చెప్పేది? సుత్తితో కొట్టిన ముక్కలకి గాలి దెబ్బా మనిషి దెబ్బా తెలియదు. చూసింది చూసినట్టు రాయాలి. ఏమీ అనుకోకండి."

మావగారు షెడ్డులోకి వెళ్లి బరకం కొస ఎత్తి, పడుగు మీద చేత్తో ఒకసారి రాసి, మళ్లీ కప్పేశారు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ధైర్యానికి బీమా కట్టించిన అల్లుణ్ణి, ఆయన ముఖం చూసే ధైర్యం నాకే లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

సర్వేయరుగారు కారెక్కారు. కారు పది గజాలు వెనక్కి వెళ్లి, ఉస్సూరుమంటూ ఒక పక్కకి ఒరిగింది. వెనక టైరు నేలకి అంటుకుపోయింది.

"ఇదొకటి తక్కువైంది" అంది సుధ, నా వంక చూడకుండా.

నేను పరిగెత్తాను. జాకీ పెట్టి, టైరు ఊడదీసి, బురదలోంచి బయటికి లాగాను. చొక్కా రంగు రేగడి రంగులో కలిసిపోయింది. అప్పుడు సర్వేయరుగారు వంగి టైరులోకి చూసి, "ఆగండాగండి" అన్నారు. టైరులో ఇంత పొడుగు మేకు దిగి ఉంది. ఆ మేకుకి విరిగిన చెక్కపట్టీ ముక్క, దానికి తీగతో కట్టిన పెంకు కొన. అన్నీ ఒకదాన్నొకటి వదలకుండా వేలాడుతున్నాయి. నా సుత్తికి చిక్కకుండా తప్పించుకున్నది అదొక్కటే.

ఆయన దాన్ని ఊడబీకలేదు. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"చేత్తో దింపితే ముందు తీగ విప్పుతారు, పెంకు నిండుగా వస్తుంది. ఇది చూడండి. తీగ కట్టు కట్టినట్టే ఉంది, మేకు వంకర తిరిగిపోయింది, పట్టీ పేలికలై చీలింది. ఇలా పీకడం మనిషి వల్ల కాదు." తర్వాత నా వైపు తిరిగారు. "మీ కప్పు దొరికిందండీ. నా టైరులో ఉంది."

ఫోన్ తీసి అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకున్నారు. ఆ ముక్కని షెడ్డులోకి తీసుకెళ్లి, పైన మిగిలిన పట్టీ విరిగిన చోటికి ఆనించి చూశారు. అతికినట్టు సరిపోయింది. మావగారి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. ఆ ఆనందంలో ఆయన అడిగారు కదా:

"మరి మీ టైరుకి బీమా ఉందాండీ?"

"పంక్చరుకి రాదండీ" అన్నారు సర్వేయరుగారు విచారంగా.

అత్తగారు ఆ నెమలిపింఛం చీర మడత పెట్టి తెచ్చి, "మీ ఇంట్లో ఆవిడకి తీసుకెళ్లండి" అన్నారు. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టారు. "ఇప్పుడు తీసుకోకూడదమ్మా. క్లెయిము అయిపోయాక వచ్చి కొనుక్కుంటాను."

క్లెయిము వచ్చింది. కప్పు పడింది, నాడె ఆడింది. అన్న మాట ప్రకారం సర్వేయరుగారు భార్యతో కలిసి చీర కోసం వచ్చారు. కారు మాత్రం మెయిన్ రోడ్డు మీదే ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో నడిచి వచ్చారు.

మావగారు ఈనాటికీ ఆ విషయం ఎత్తి నన్ను ఒక్క మాట అనలేదు. కాకపోతే బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినపడగానే ఫోన్ చేస్తారు. "ఇక్కడ అంతా బాగానే ఉంది బాబూ. ఒకవేళ కప్పు లేచినా మేం చూసుకుంటాం. మీరు మాత్రం శ్రమపడి రాకండి."

కనుక, కృష్ణమ్మ సాక్షిగా, ఆ వంకర మేకు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో అత్తారింటికి ఎంతటి పెద్దమనిషి వచ్చినా, ఆయన కారు ఇరుసు దాకా బురదలో దిగబడినా, గట్టున నిలబడి దణ్ణం పెడతాను తప్ప పెంకుముక్క ముట్టుకోను.